జెసిసి ప్రీస్కూల్‌కి బాంబు బెదిరింపు ఫోన్లు: పాపని మాన్పించాలా? ఇదంతా ఎన్నిక వల్లేనా?

జెర్సీ_నాన్న (2017 మార్చి 1)

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఈసారి అడగక తప్పట్లేదు.

మా పాపకి నాలుగేళ్ళు. ఇక్కడి జ్యూయిష్ కమ్యూనిటీ సెంటర్‌లో (జెసిసి అంటారు) ప్రీస్కూల్‌కి వెళ్తుంది. మేం యూదులం కాదు, ఆ క్లాసులో చాలామంది కాదు. ఇంకో ఇద్దరు తెలుగు పిల్లలున్నారు, ఒక గుజరాతీ బాబు, ఒక కొరియన్ పాప. సాయంత్రం ఆరింటి దాకా ఉంచుకుంటారు, స్విమ్మింగ్ పూల్ ఉంది, టీచర్లు ఏళ్ళ తరబడి మారరు. అందుకని వేశాం, అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

మొన్న సోమవారం ఆఫీసులో మీటింగ్ మధ్యలో మెసేజ్ వచ్చింది. బెదిరింపు ఫోన్ వచ్చింది, బిల్డింగ్ ఖాళీ చేయించాం, పిల్లలు క్షేమం, పక్కనున్న చర్చి పార్కింగ్‌కి రండి అని. ఎలా డ్రైవ్ చేశానో నాకే తెలీదు. వెళ్ళేసరికి నడక రాని పసిపిల్లల్ని చక్రాలున్న ఉయ్యాల మంచాల్లో, ఒక్కోదాంట్లో నలుగురైదుగుర్ని కూర్చోబెట్టి తోసుకొస్తున్నారు. కొంచెం పెద్దవాళ్ళు ఉంగరాలు ఉంగరాలుగా కట్టిన తాడు పట్టుకుని వరసగా వస్తున్నారు. మా పాపకి ఒక కాలికే షూ ఉంది, రెండో కాలికి సాక్స్ మాత్రమే. "నాన్నా, ఫైర్ డ్రిల్ అయింది, టీచర్ ఏడ్చింది" అంది. పోలీసు కుక్క లోపలికి వెళ్ళి గంట తర్వాత బయటికొచ్చింది. ఏమీ లేదు, ఉత్తి బెదిరింపే.

ఇది మా ఒక్క చోటే కాదు. జనవరి 9, 18, 31, ఫిబ్రవరి 20, మళ్ళీ 27... దేశమంతా జెసిసిలకీ యూదు స్కూళ్ళకీ ఇలాగే వస్తున్నాయి. అన్నీ కలిపితే వంద దాకా అయ్యాయంటున్నారు. ఒక్కచోట కూడా బాంబు దొరకలేదు.

నా ప్రశ్నలు రెండు. ఒకటి, మీరైతే పిల్లని అక్కడే ఉంచుతారా? మా ఆవిడ రేపటి నుంచే వద్దంటోంది. రెండు, మా వాట్సాప్ గ్రూపులో సగం మంది ట్రంప్ గెలిచాక మొదలైందంటారు, సగం మంది మీడియా హడావిడి అంటారు. నాకు తెలిసిన యూదులు మాత్రం నిజంగానే భయంగా ఉన్నారు. దీని వెనకేముందో ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి.

డాలస్_రావు (2017 మార్చి 1)

పాపని మాన్పించెయ్యండి, అందులో ఆలోచించేదేముంది. ప్రీస్కూళ్ళు సందుకొకటి ఉన్నాయి.

రెండోదానికి మాత్రం కాదు అనే నా జవాబు. ట్రంప్ కూతురు పెళ్ళికి ముందు యూదు మతం పుచ్చుకుంది, అల్లుడు యూదు, ఆ మనవలు యూదులు. అలాంటాయనకి యూదులంటే పడదంటే ఎవరైనా నమ్ముతారా? అక్టోబర్‌లో మీ ఎడిసన్‌లోనే మనవాళ్ళ సభకి వచ్చి హిందువులకి పెద్ద ఫ్యాన్‌ని అన్నాడు, ఇంకో అభ్యర్థి వచ్చారా? ఎవడో తలతిక్కవాడు ఫోన్ చేస్తే ఓటు వేసిన ఆరు కోట్ల పైచిలుకు మందీ సంజాయిషీ చెప్పుకోవాలా? ఓడిపోయిన ఉక్రోషం టీవీ ఛానళ్ళకి ఇంకా తగ్గలేదు, అంతే.

ఫిల్లీ_లక్ష్మి (2017 మార్చి 1)

రావు గారూ, ఆయన మనసులో ఏముందో మీకూ తెలీదు, నాకూ తెలీదు, దాని మీద వాదించుకుని లాభం లేదు. ఇక్కడి యూదు కుటుంబాలు అడుగుతున్నది కూడా అది కాదు. నాజీ వేషాలు వేసేవాళ్ళు ఆయన్ని తమవాడు అనుకుంటున్నారు, మీరు మావాళ్ళు కాదని ఆయన వెంటనే, గట్టిగా ఎందుకు చెప్పట్లేదు? అడుగుతున్నది ఇంతే.

జెర్సీ_నాన్న గారూ, వెనకేముందని అడిగారు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను. పోయినేడాది ప్రచారం నడుస్తున్నప్పుడే ట్విట్టర్‌లో యూదు జర్నలిస్టుల పేర్లకి అటూ ఇటూ మూడేసి బ్రాకెట్లు పెట్టి, వీడు యూదు, పట్టుకోండి అని గుర్తుపెట్టేవాళ్ళు. యాంటీ డిఫమేషన్ లీగ్ (1913 నుంచీ ఉన్న యూదు సంస్థ, ఏడీఎల్ అంటారు) లెక్కలు తీస్తే, ఏడాదిలో కనీసం 800 మంది జర్నలిస్టుల మీద ఆ దాడి జరిగింది. గ్యాస్ చాంబర్‌లో వాళ్ళ మొహాలు అతికించిన బొమ్మలు పంపారు. పోలింగ్‌కి ముందు ట్రంప్ ప్రచారం వదిలిన ఆఖరి యాడ్ గుర్తుందా? ప్రపంచాన్ని ఆడిస్తున్న శక్తులు అని వెనక గొంతు చెప్తుంటే తెర మీద కోటీశ్వరుడు సోరోస్, కేంద్ర బ్యాంకు ఫెడ్ అధ్యక్షురాలు యెలెన్, గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు అధిపతి బ్లాంక్‌ఫైన్ కనిపిస్తారు. ముగ్గురూ యూదులే. చాలామంది ట్రంప్ ఓటర్లకి అందులో ఏమీ తట్టి ఉండదు. కానీ యూదులు ప్రపంచాన్ని తెర వెనక నుంచి నడుపుతున్నారనే పాత కథ విని పెరిగినవాళ్ళకి వెంటనే తడుతుంది, ఆ కథ వల్ల చచ్చిపోయిన తాతలున్నవాళ్ళకి ఇంకా ముందే తడుతుంది.

పోలింగ్ అయిన మర్నాడు, నవంబర్ 9న, మా ఊళ్ళోనే సౌత్ ఫిల్లీలో ఒక ఖాళీ షాపు అద్దం మీద "జీగ్ హైల్ 2016" అని (నాజీల జయజయధ్వానం అది) స్ప్రే చేసి ఉంది, పక్కన ట్రంప్ పేరులో మొదటి అక్షరం బదులు నాజీ స్వస్తిక. ఆ తేదీ చూడండి. 1938లో జర్మనీ అంతా సినగాగ్‌లు (యూదుల ప్రార్థన మందిరాలు) తగలబెట్టి యూదుల షాపుల అద్దాలు పగలగొట్టింది నవంబర్ 9 రాత్రే. రాసినవాడికి అది తెలుసో లేదో గానీ చదివినవాళ్ళకి తెలుసు. తర్వాత బ్రైట్‌బార్ట్ అనే అతివాద కుడిపక్ష వెబ్‌సైట్ నడిపిన స్టీవ్ బెనన్‌ని వైట్‌హౌస్‌లోకి తీసుకున్నారు. 18న బ్రూక్లిన్‌లో యూదు సంగీతకారుడి పేరు పెట్టిన పార్కులో పిల్లల ఆటవస్తువుల మీద మళ్ళీ అదే గుర్తు. 19న వాషింగ్టన్‌లో ఒక హాల్లో రిచర్డ్ స్పెన్సర్ అనే శ్వేతజాతి జాతీయవాది "హైల్ ట్రంప్" అని అరిస్తే సూట్లు వేసుకున్న కుర్రాళ్ళు చేతులు చాచి సెల్యూట్ కొట్టారు, వీడియో ఉంది. జనవరి 27న హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) స్మారక దినానికి వైట్‌హౌస్ ఇచ్చిన ప్రకటనలో యూదులు అన్న మాటే లేదు. ఎవరో క్లర్కు మర్చిపోయాడనుకుందాం అంటే, లేదు, కావాలనే అందర్నీ కలిపి అలా రాశాం అన్నారు. ఫిబ్రవరి 16న ట్రంప్ ప్రెస్ మీట్‌లో ఒక యూదు పత్రిక విలేకరి, టోపీ పెట్టుకున్న కుర్రాడు, మిమ్మల్ని ఎవరూ అనట్లేదు సార్ అని మొదలుపెట్టి ఈ బెదిరింపుల సంగతేం చేస్తారని అడిగితే, కూర్చో అన్నారు.

పోయిన ఆదివారం మా దగ్గర మౌంట్ కార్మెల్ అనే యూదుల సమాధుల తోటలో వందకు పైగా రాళ్ళు పడగొట్టారు. సాయం చేద్దామని సోమవారం వెళ్ళాను. ఒక్కో రాయి ముగ్గురు పట్టినా కదలదు, గడ్డిలో కూరుకుపోయి మట్టి అంటుకుని ఉంది, పేర్లు నేలకేసి ఉన్నాయి కాబట్టి ఏ రాయి ఎవరిదో కూడా తెలీదు. మా పక్కన పనిచేసినవాళ్ళు అహ్మదియా ముస్లిం కుర్రాళ్ళు. తాగి ఆకతాయిగా చేశారంటే నేను నమ్మను.

ఇంకోటి. యూదుల్లో 71 శాతం హిల్లరీకి వేశారు, 24 శాతం ట్రంప్‌కి వేశారు. ఆ 24 శాతంలో ఉన్నవాళ్ళ పిల్లలు కూడా మొన్న అదే తాడు పట్టుకుని బయటికొచ్చారు.

ఓవర్లాండ్_పద్మ (2017 మార్చి 2)

లక్ష్మి గారు చెప్పాల్సింది చెప్పారు. నేను కేన్సస్‌లో ఉంటాను, మా వైపు నుంచి కొంచెం.

మంగళవారం రాత్రి కాంగ్రెస్‌లో ట్రంప్ ప్రసంగం విన్నారా? మొదటి నిమిషంలోనే జెసిసిల బెదిరింపులు, యూదుల సమాధుల ధ్వంసం, పోయిన వారం కేన్సస్ సిటీ కాల్పులు, మూడూ ఒకే వాక్యంలో కలిపి ఖండించాడు. ఆ కాల్పులంటే మన ఓలేతాలో ఒక బార్‌లో ఇద్దరు తెలుగు కుర్రాళ్ళ మీద జరిగినవే, ఒకరు చనిపోయారు. ఫిబ్రవరి 22 సాయంత్రం. ఆ అబ్బాయి పేరు ఇక్కడ అందరికీ తెలుసు, ఆ ఇల్లు హైదరాబాద్‌లో ఎలా ఉందో టీవీలో అందరం చూశాం, మళ్ళీ రాయను. చిత్రమేంటంటే సరిగ్గా అదే రోజు పక్క రాష్ట్రం మిస్సోరిలో ఉపాధ్యక్షుడు పెన్స్ యూనివర్సిటీ సిటీ వెళ్ళి, అంతకు రెండు రోజుల ముందు 150కి పైగా రాళ్ళు పడిపోయిన యూదుల సమాధుల తోటలో గడ్డి ఊడ్చి వచ్చాడు. అక్కడి గవర్నర్ రిపబ్లికనే, యూదు కూడా. రావు గారూ, మీ పార్టీవాళ్ళే దీన్ని హడావిడి అనుకోలేదు.

ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. 2014 ఏప్రిల్ 13న మా ఓవర్లాండ్ పార్క్ జెసిసి పార్కింగ్‌లో కు క్లక్స్ క్లాన్ అనే శ్వేతజాతి దురహంకార ముఠాలో ఒకప్పటి ముసలి నాయకుడు తుపాకీతో వచ్చాడు. పాటల పోటీ ఆడిషన్‌కి వచ్చిన తాతనీ, పద్నాలుగేళ్ళ మనవడినీ చంపాడు. అక్కడి నుంచి యూదుల వృద్ధాశ్రమానికి వెళ్ళి, అమ్మని చూడ్డానికి వచ్చిన ఇంకొకావిడని చంపాడు. ముగ్గురూ క్రైస్తవులు. యూదులనుకుని చంపాడు. మన కుర్రాళ్ళని కాల్చినవాడు తర్వాత మిస్సోరిలో ఇంకో రెస్టారెంట్‌కి పోయి, ఇద్దరు ఇరానీలని కాల్చానని చెప్పుకున్నాడు. వాళ్ళేమో తెలంగాణ కుర్రాళ్ళు. ఆ జెసిసికీ ఈ బార్‌కీ పెద్ద దూరం లేదు, రెండూ మా కౌంటీలోవే.

అందుకని జెర్సీ_నాన్న గారూ, మేం యూదులం కాదు కాబట్టి అన్న లెక్క వెయ్యకండి. కాల్చేవాడు ఐడీ కార్డు చూడడు. అలాగని భయపెట్టట్లేదు. మా అబ్బాయి ఇప్పటికీ అదే జెసిసిలో ఈతకి వెళ్తాడు, 2014 తర్వాత ఈ కౌంటీలో అంత జాగ్రత్తగా ఉండే బిల్డింగ్ ఇంకోటి లేదేమో అనిపిస్తుంది.

తెనాలి_కుర్రాడు (2017 మార్చి 2)

టాపిక్ కాదు గానీ, మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కూడా యూదులున్నారు, బెనె ఎఫ్రాయిమ్ అంటారు. మాదిగ కుటుంబాలే, చిన్న సినగాగ్ కట్టుకుని శనివారం ప్రార్థన చేసుకుంటారు, తెలుగే మాట్లాడతారు. మా మేనత్తగారిది పక్క ఊరే. అక్కడ వాళ్ళని యూదులని ఎవరూ ఏమీ అనరు, అంటే గింటే కులం గురించే.

డాలస్_రావు (2017 మార్చి 2)

ఆ ఓలేతా సంగతి వింటే నాకూ రక్తం మరిగింది పద్మ గారూ, అందులో రెండో మాట లేదు. కానీ చూశారా, మీరే చెప్పారు, ప్రసంగంలో మొట్టమొదట ఖండించాడని. ఇంకేం చెయ్యాలి ఆయన?

ఫిల్లీ_లక్ష్మి (2017 మార్చి 2)

అదే రోజు పగలు రాష్ట్రాల అటార్నీ జనరల్స్‌తో మాట్లాడుతూ, ఒక్కోసారి ఇలాంటివి ఎదుటివాళ్ళని చెడ్డ చెయ్యడానికి రివర్స్‌లో కూడా జరుగుతాయి అన్నాడని మా పెన్సిల్వేనియా ఏజీ జాష్ షపీరో బయటికొచ్చి చెప్పాడు. రాత్రి ప్రాంప్టర్ చూసి చదివింది ఒకటి, పగలు నోటికొచ్చింది ఇంకొకటి. వినేవాళ్ళు దేన్ని నమ్మాలి రావు గారూ?

జెర్సీ_నాన్న (2017 మార్చి 9)

అందరికీ థాంక్స్. పాపని మాన్పించలేదు. చెప్పాలంటే నా ధైర్యం కాదు, మా ఆవిడే మారింది. డైరెక్టర్ తల్లిదండ్రులందర్నీ పిలిచి సాయంత్రం రెండు గంటలు కూర్చోబెట్టి ఎవరు ఫోన్ ఎత్తుతారు, ఎన్ని నిమిషాల్లో బయటికి తీస్తారు, ఎవరి చేతిలో పిల్లల లిస్టు ఉంటుంది, అన్నీ చెప్పింది. ఇకనుంచి ప్రతి పిల్లకీ తలుపు దగ్గర ఒక జత స్లిప్పర్లు ఉంచుతారట. మా ఆవిడ ఆ స్లిప్పర్ల మాట దగ్గర మెత్తబడింది. కొన్ని కుటుంబాలు మాత్రం మానేశాయి, వాళ్ళని తప్పుపట్టలేం.

మా టీమ్‌లో ఒక యూదు కొలీగ్ ఉన్నాడు, అతనితో లంచ్‌లో చాలాసేపు మాట్లాడాను. నేననుకున్నట్టు వాళ్ళందరూ ఒక్కమాట మీద లేరు. వీళ్ళ నాన్న బాగా నిష్ఠాపరుడు, ట్రంప్‌కి వేశాడు. డిసెంబర్ 23న ఐక్యరాజ్యసమితిలో ఇజ్రాయెల్ సెటిల్‌మెంట్ల మీద తీర్మానం పెడితే ఒబామా వీటో చెయ్యకుండా ఊరుకున్నాడని ఆయనకి ఇంకా మంట. యూదుల మీద అసలు ద్వేషం కాలేజీ క్యాంపస్‌లలో వామపక్షం వాళ్ళ దగ్గరుంది, మీకు కుడివైపే కనిపిస్తుంది అని కొడుకుతో గొడవ. కొడుకేమో, నాన్నా నీ మనవరాలి స్కూల్ ముందు పోలీసు కారు క్యాంపస్ వాళ్ళ వల్ల వచ్చిందా అంటాడు. శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర రాజకీయం మాట్లాడకూడదని వాళ్ళమ్మ రూల్ పెట్టిందట, సూప్ అయ్యేలోపే ఆ రూల్ పోతుందట. మన ఇళ్ళల్లో సంక్రాంతికి జగన్, చంద్రబాబు గొడవల్లాగే అనిపించింది గానీ ఇక్కడ పణం పెద్దది.

మొన్న 7వ తేదీన వందమంది సెనేటర్లూ, రెండు పార్టీలవాళ్ళూ, ఒక్కరు కూడా మిగలకుండా, బెదిరింపుల మీద ఏదో ఒకటి చెయ్యమని ఉత్తరం రాశారు. అది చూసి ఆ పెద్దాయన కూడా మంచిదే అన్నాడట.

డాలస్_రావు (2017 మార్చి 24)

ఇంకెవరూ ఈ థ్రెడ్‌లోకి రారేం? నిన్న పట్టుబడ్డది ఎవరు? ఇజ్రాయెల్‌లో అష్కెలాన్ అనే ఊళ్ళో కూర్చుని ఇంటర్నెట్‌లో గొంతు మార్చి ఫోన్లు చేసిన యూదు కుర్రాడు! అమెరికా పౌరసత్వం కూడా ఉంది. 3వ తేదీన సెయింట్ లూయిస్‌లో పట్టుకున్నదేమో మాజీ గర్ల్‌ఫ్రెండ్‌ని ఇరికించడానికి ఆమె పేరు మీద బెదిరించిన మాజీ జర్నలిస్టు, వామపక్షం మనిషి, ట్రంప్‌ని తిట్టేవాడు. నాజీ ఒక్కడు కూడా లేడు. రివర్స్‌లో జరుగుతాయన్నందుకు ఆయన్ని ఎంత తిట్టారు ఇక్కడ?

ఫిల్లీ_లక్ష్మి (2017 మార్చి 25)

వచ్చాను, ఎక్కడికీ పోలేదు. ఫోన్లలో ఎక్కువభాగం ఆ కుర్రాడు చేశాడనే అంటున్నారు, ఒప్పుకోక తప్పదు, వార్త చూసి మా ఇంటి పక్క యూదు ముసలావిడ సగం సంతోషంతో సగం సిగ్గుతో నవ్వింది. కానీ హాల్లో చెయ్యి చాచింది ఆ కుర్రాడు కాదు. షాపు అద్దం మీద రాసింది అతను కాదు. బ్రాకెట్లు పెట్టిన వేల అకౌంట్లు అతనివి కావు. డిసెంబర్‌లో మోంటానాలో వైట్‌ఫిష్ అనే చిన్న ఊళ్ళో యూదు కుటుంబాల ఫోన్ నంబర్లూ అడ్రసులూ నాజీ సైట్‌లో పెట్టి, వీళ్ళని వదలకండి అని పిలుపిచ్చింది అతను కాదు. మీరు పదింట్లో ఒకటి తీసి పక్కన పెట్టి, పదీ పోయాయి అంటున్నారు.

పైగా ఇందులో నాకు నచ్చని సంగతి ఇంకోటుంది. ఎవరు చేశారో తేలేదాకా మీరూ ఆగలేదు, నిజం చెప్పాలంటే చాలామంది అవతలివైపువాళ్ళూ ఆగలేదు. అది వేరే జబ్బు.

రిచ్‌మండ్_శేఖర్ (2017 ఆగస్టు 15)

థ్రెడ్ పైకి తెస్తున్నందుకు ఏమనుకోకండి. నేను వర్జీనియాలో షార్లట్స్‌విల్‌కి గంట దూరంలో ఉంటాను, అక్కడి యూనివర్సిటీలో చదివాను. శుక్రవారం రాత్రి మా లాన్ మీద కాగడాలు పట్టుకుని "యూదులు మా స్థానాన్ని ఆక్రమించలేరు" అని అరుస్తూ వెళ్ళినవాళ్ళని టీవీలో చూశారు కదా. శనివారం పొద్దున బెత్ ఇజ్రాయెల్ సినగాగ్‌లో ప్రార్థన జరుగుతుంటే రోడ్డుకి అవతల ముగ్గురు సైనికుల దుస్తుల్లో రైఫిళ్ళు పట్టుకుని నిలబడ్డారట. లోపల నలభై మంది. పోలీసు కాపలా అడిగితే దొరకలేదని ముందే డబ్బు పెట్టి గార్డుని పెట్టుకున్నారు. ప్రార్థన అయ్యాక ముందు తలుపు వదిలి వెనక తలుపు నుంచి గుంపులు గుంపులుగా వెళ్ళిపోయారు. ఇది సినగాగ్ అధ్యక్షుడే రాశాడు. అదే రోజు మధ్యాహ్నం కారు గుద్దించి ఒకమ్మాయిని చంపేశారు. ఇవాళ ట్రంప్ రెండువైపులా చాలా మంచివాళ్ళు ఉన్నారన్నాడు. రావు గారూ, కాగడా పట్టుకున్న మంచివాడు ఎవరో చూపించండి.

డాలస్_రావు (2017 ఆగస్టు 16)

ఆ మాట తప్పే. నాజీలని వేరేగా ఖండించాడు కూడా, మొత్తం ప్రెస్ మీట్ చూడండి. అయినా ఆ సమయంలో ఆ మాట అనకుండా ఉండాల్సింది.

డాలస్_రావు (2018 మే 3)

చిన్న అప్‌డేట్. మిస్సోరి సమాధుల రాళ్ళు పడగొట్టినవాడు ఇన్నాళ్ళకి దొరికాడు. ద్వేషంతో చేసినట్టు ఆధారం ఏమీ లేదని అధికారులే అన్నారు. ఒక్కడే పడగొట్టాడు లక్ష్మి గారూ, రాయి ముగ్గురు పట్టినా కదలదన్నారు మీరు.

ఫిల్లీ_లక్ష్మి (2018 మే 3)

ఎత్తడం వేరు, తొయ్యడం వేరు సార్, ప్రయత్నించి చూడండి :)

ఆ కేసు అలా తేలడం మంచిదే, నిజంగా. ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. ఏడీఎల్ 2016లో 1,267 ఘటనలు నమోదు చేసింది, 2017లో 1,986. ఆ 1,986లో బాంబు బెదిరింపులు 163. మీ తృప్తి కోసం అవన్నీ తీసేస్తున్నాను, 1,823. ఎక్కువే కదా? ఆ సంస్థ లెక్కలే నమ్మనంటే ఎఫ్‌బీఐ లెక్కలు తీసుకోండి. జనాభాలో రెండు శాతం ఉన్న యూదుల మీదే మతద్వేష నేరాల్లో ప్రతి ఏడాదీ సగానికి పైగా జరుగుతున్నాయి. ట్రంప్ రాకముందూ అంతే. అందుకే ఇది ఆయన పుట్టించిన జబ్బు అని నేనెప్పుడూ అనలేదు.

పిట్స్‌బర్గ్_పిల్ల (2018 నవంబర్ 4)

ఏదేదో వెతుకుతుంటే ఈ థ్రెడ్ దొరికింది, మొత్తం చదివాను. నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాను, స్క్విరెల్ హిల్‌లో ఉంటాను. యూనివర్సిటీకి దగ్గర, బస్సుంది, అందుకని తెలుగువాళ్ళం చాలామందిమి ఇక్కడే రూములు తీసుకుంటాం. మా ఇంటి ఓనర్ యూదు తాతగారు, శనివారం లైటు స్విచ్ కూడా ముట్టుకోరు.

27వ తేదీ శనివారం పొద్దున సైరన్లకి లేచాం. ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్ మాకు నడిచి వెళ్ళేంత దూరం. పదకొండు మందిని కాల్చి చంపాడు. ఒకే బిల్డింగ్‌లో మూడు సంఘాలవాళ్ళు ప్రార్థన చేసుకుంటారు, పొద్దున్నే వచ్చేది ఎక్కువగా పెద్దవాళ్ళు, చనిపోయినవాళ్ళలో 97 ఏళ్ళ ఆవిడ ఉంది. చంపినవాడు ముందు ఇంటర్నెట్‌లో హెచ్‌ఐఏఎస్ గురించి రాశాడు. అది శరణార్థులకి సాయం చేసే యూదుల సంస్థ. అది ఆక్రమణదారుల్ని దేశంలోకి తెస్తోందని రాశాడు. అదే వారంలో టీవీ పెడితే చాలు, మధ్య అమెరికా నుంచి నడిచొస్తున్న జనం గురించి అవే మాటలు, మధ్యంతర ఎన్నికల ప్రచారం కదా.

ఒక విషయం నా మనసులోంచి పోవట్లేదు. సబ్బాత్ (శనివారం విశ్రాంతి దినం) రోజు నిష్ఠగా ఉండేవాళ్ళు ఫోన్ పట్టుకోరు. ఇక్కడి యూదు ఫెడరేషన్‌లో మాజీ ఎఫ్‌బీఐ ఆయన ఒకరు భద్రత చూసుకుంటారు, సంఘాలన్నిటికీ ట్రైనింగ్ ఇచ్చి, శనివారమైనా సరే ఒంటి మీద ఫోన్ ఉంచుకోండని రబ్బీలని (యూదు మతగురువులు) బతిమాలారట. ఆయన మాట విని ఆ రోజు ఫోన్ పెట్టుకున్న రబ్బీ మయర్స్ 911కి కాల్ చేశారు.

ఆ సాయంత్రం ఫోర్బ్స్, మర్రీ రోడ్ల కూడలిలో మా పక్క హైస్కూల్ పిల్లలు కొవ్వొత్తుల సభ పెట్టారు. వానలో నిలబడ్డాం. హీబ్రూ పాట ఒక్క ముక్క రాదు, పక్కావిడ చెయ్యి పట్టుకుంటే పట్టుకున్నాను. ఇంటి ఓనర్ తాతగారు సోమవారం మామూలుగా వచ్చి మా కుళాయి బాగుచేసి వెళ్ళారు, ఏం మాట్లాడాలో మాకు తెలీలేదు, టీ ఇచ్చాం. మంగళవారం ఎన్నికలు, ఆయన ఈసారి ఎవరికేస్తారో అడగలేదు.

డాలస్_రావు (2018 నవంబర్ 4)

దుర్మార్గం. చదువుతుంటే చేతులాడట్లేదు. జాగ్రత్తగా ఉండమ్మా.

ఒక్కమాట చెప్పక తప్పదు, ఎవరైనా ఏమైనా అనుకోండి. ఆ హంతకుడు ట్రంప్‌ని కూడా తిట్టాడు, ట్రంప్ యూదుల మధ్య కూర్చున్నాడు, వాడికి నేను ఓటెయ్యలేదు అని రాసుకున్నాడు. అది కూడా పక్కన పెట్టకండి.

ఓవర్లాండ్_పద్మ (2018 నవంబర్ 4)

పక్కన పెట్టట్లేదు. కానీ ఆక్రమణదారులు అన్న మాట వాడికి ట్రంప్ మీద కోపం ఉన్నా చెవిలో పడింది కదా రావు గారూ. ఆ మాట అన్నవాళ్ళు తుపాకీ ఇవ్వలేదు, ఒప్పుకుంటాను. మీరు అంతవరకే చూస్తారు, నేను ఇంకొంచెం వెనక్కి చూస్తాను, ఇక్కడ తెగేది కాదు.

జెర్సీ_నాన్న (2018 నవంబర్ 5)

పిట్స్‌బర్గ్_పిల్ల గారూ, రాసినందుకు థాంక్స్. మా పాప ఇప్పుడు ఒకటో క్లాసు, ప్రభుత్వ స్కూల్. బాబుని మాత్రం ఆ జెసిసిలోనే వేశాం. ఇప్పుడు గేటు దగ్గర గార్డు ఉంటాడు, రెండు తలుపులు దాటాలి, ఫీజులో సెక్యూరిటీ అని వేరే లైన్ వచ్చింది. ఎవరూ గొణగలేదు.

ఇంకో ప్రశ్న అడుగుతాను, పద్మ గారికి తెలిసి ఉంటుంది. మా ఊరి గుళ్ళో దసరాకి రెండు వేల మంది వచ్చారు, తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, గేటు దగ్గర చెప్పుల స్టాండ్ వాలంటీర్ తప్ప ఎవరూ లేరు. జెసిసివాళ్ళకి ఏదో గవర్నమెంట్ డబ్బు వస్తుందట కదా కెమెరాలకీ తలుపులకీ, అది గుళ్ళకీ ఇస్తారా?

ఓవర్లాండ్_పద్మ (2018 నవంబర్ 6)

ఇస్తారు. నాన్‌ప్రాఫిట్ సెక్యూరిటీ గ్రాంట్ ప్రోగ్రామ్ అని, హోంలాండ్ సెక్యూరిటీ కింద ఫెమా నడుపుతుంది. మొదట్నుంచీ ఎక్కువగా యూదు సంస్థలే తీసుకున్నాయి, ఎందుకంటే అవే అడిగాయి. మసీదు, చర్చి, గుడి, గురుద్వారా, ఎవరైనా అడగొచ్చు. ఇంతకుముందు పెద్ద నగరాలకే ఇచ్చేవాళ్ళు, ఈ ఏడాది నుంచి మిగతా ప్రాంతాలకీ కొంత పెట్టారు. డైరెక్ట్‌గా ఫెమాకి కాదు, మీ రాష్ట్ర ఏజెన్సీ ద్వారా పంపాలి. ముందు ఎవరితోనైనా బిల్డింగ్ అంతా చూపించి, ఎక్కడ ఏం లోపముందో రాయించుకోవాలి, మీ పోలీస్ డిపార్ట్‌మెంట్‌ని అడిగితే ఊరికే చేస్తారు. మాకు ఇక్కడి యూదు ఫెడరేషన్ సెక్యూరిటీ ఆయన వచ్చి చూసిపెట్టారు, కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదు. ప్రసాదం వంటగది వెనక తలుపు చూసి తల పట్టుకున్నారు, దానికి తాళమే లేదు మరి.

మా బోర్డులో ఒకాయన మాత్రం గుడి ముందు తుపాకీ మనిషిని నిలబెడితే భక్తులు రారంటున్నారు, అది ఇంకా తేలలేదు. కెమెరాలకీ తలుపులకీ అయితే ఎవరూ అడ్డుచెప్పలేదు. మేం నింపిన ఫారం కాపీ కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.